దొంగకు పెట్టిన చీవాట్లు

ఏప్రిల్ 6

వదినగారికి నమస్కారం.

రైలు కదులుతుంటే కిటికీలోంచి వేలు చూపించి మరీ చెప్పారు కదా, "ఫోన్‌లో అయితే అంతా బాగానే ఉందనేస్తావు, ఉత్తరం రాయి. ఉత్తరంలో అబద్ధం రాయడానికి నీకు చెయ్యి రాదు" అని. అందుకే రాస్తున్నాను. పైగా ఫోన్‌లో మాట్లాడితే మీ తమ్ముడు పక్క గదిలోంచి నా ప్రతి మాటకూ సవరణలు చెబుతుంటారు.

క్లినిక్‌లో మీ కుర్చీలో కూర్చున్నాను. మీ ఎత్తుకు అమర్చుకున్న కుర్చీ, నాకు కాళ్లు నేలకు ఆనవు. కిందికి దించుదామని పక్కనున్న మర తిప్పితే అది ఊడి చేతికొచ్చింది. పాత పత్రికల కట్ట ఒకటి కాళ్ల కింద పెట్టుకుని సర్దుకుంటున్నాను. వచ్చిన ప్రతి పేషెంటూ "పెద్దమ్మగారేరీ?" అని అడగడమే తప్ప నన్ను పలకరించే దిక్కు లేదు. టైలర్ మాస్టారు ఒక్కరే కాస్త నయం. కాలి పుండుకి కట్టు మార్పించుకోవడానికి మంగళవారం వచ్చి, "అలవాటవుతుందమ్మా, మీ ఆయన మొదటి తెల్లకోటుకి నేను ఒక చెయ్యి పొడుగ్గా కుట్టేశాను, అయినా డాక్టరయ్యాడు కదా" అన్నారు. ఆ సంగతి మీ తమ్ముడు నాకెప్పుడూ చెప్పలేదు.

అసలు సంగతికొస్తాను. బీమా కంపెనీ ఇకమీదట చెక్కులు పంపదనీ, పేరు నమోదు చేసుకున్న క్లినిక్‌లకు మాత్రమే డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తుందనీ, ఆ నమోదు మీరే చేశాననీ చెప్పి వెళ్లారు. ఎప్పటినుంచి పడుతుంది? పడినట్టు నాకెలా తెలుస్తుంది? మీ తమ్ముణ్ని అడిగితే, "అక్క చేసిందంటే అయిపోయినట్టే" అని స్టెతస్కోపు మెడలో వేసుకుని వెళ్లిపోయారు.

మీ సొరుగులో చిన్న చిన్న చీటీల కట్ట ఉంది. ఎందుకో అర్థం కాక, ఇంటికి కావలసిన సరుకులు రాసుకోవడానికి వాడుతున్నాను.

మీ కుర్చీలో వేలాడుతున్న
మీ మరదలు

ఏప్రిల్ 18

ఏమ్మా మరదలు పిల్లా,

ఉత్తరం చూసి కడుపుబ్బ నవ్వాను. ఆ మర నేను ఉన్నప్పుడే వదులైంది, దాన్ని ముట్టుకోకూడదని చెప్పడం మరిచిపోయాను.

నువ్వు దేనికీ కంగారు పడకు. ఆ నమోదు ఫారమంతా నేనే కూర్చుని నింపాను. మా అమ్మాయి ఫోన్‌లో సాయం చేస్తానంటే కూడా వద్దన్నాను. కంపెనీ వాళ్లు వివరాలు ఒకసారి సరిచూసుకుంటారు, ఆ తరవాత డబ్బు దానంతటదే పడుతుంది. నువ్వు కుర్చీలో కూర్చుంటే చాలు. అంతా పద్ధతిగా అమర్చి అప్పగించి వచ్చాను.

ఇక్కడ నాకు పనే లేదు. కూతురూ అల్లుడూ పొద్దున్నే ఉద్యోగాలకు పోతారు. లిఫ్టులో ఎక్కడం దిగడం, కిటికీలోంచి ఎదుటి కిటికీ చూడటం. నా సెల్‌ఫోన్ మోగితే ప్రాణం లేచొస్తుంది. దానిమీద కూడా మా అమ్మాయి కాగితం ఒకటి అంటించింది, "ఎవరడిగినా బ్యాంకు వివరాలు చెప్పవద్దు" అని. ఈ ఊళ్లో మోసగాళ్లు ఎక్కువట, ముసలివాళ్లని చూసి మరీ ఫోన్ చేస్తారట.

ఆ మాట అన్న వారానికే ఒకడు దొరికాడు నాకు! ఏదో కంపెనీ పేరు చెప్పి, "అమ్మా, మీ బ్యాంకు ఖాతా చివరి నాలుగంకెలు ఒకసారి చెబుతారా" అన్నాడు. తరవాతి మాట రానిచ్చానా? "సిగ్గు లేదురా నీకు? చెమటోడ్చి బతకరాదూ? మీ అమ్మకి ఫోన్ చేసి కూడా ఇలాగే అడుగుతావా?" అని కడిగి పారేశాను. మర్నాడు మళ్లీ మోగింది. ఈసారి ఎవరో ఆడపిల్ల, గొంతు మెత్తగా ఉంది. "నిన్న వాడి వల్ల కాక నిన్ను పంపాడా, ఇదేం బతుకే" అని దానికీ పెట్టాను చీవాట్లు. పాపం ఏడుపు గొంతుతో పెట్టేసింది. సాయంత్రం చెబితే అల్లుడు చప్పట్లు కొట్టాడు. ఇన్నాళ్లూ నేను ముద్ద తినడానికి తప్ప ఎందుకూ పనికిరాననుకున్నాడేమో, ఆ పూట నా వంక చూసే చూపే మారింది.

తమ్ముణ్ని వేళకు తినమను. మాస్టారి కాలు జాగ్రత్త, ఆయన నొప్పి బయటికి చెప్పే మనిషి కాదు.

ఇక్కడ కాపలా కాస్తున్న
మీ వదిన

మే 11

వదినగారికి,

ఈ ఉత్తరం రాయడానికి నాకు ముఖం చెల్లడం లేదు. అయినా మీకు కాక ఎవరికి చెప్పుకోను?

చెక్కులు ఆగిపోయాయి. ఖాతాలోనూ ఏమీ పడలేదు. పడుతుంది, వదిన చేసింది కదా అని ఎదురు చూస్తూ కూర్చున్నాను. ఈ నెల మొదటి మంగళవారం టైలర్ మాస్టారు వచ్చి ఎప్పటిలా బీమా కార్డు ఇచ్చారు. నంబరు కంప్యూటర్‌లో కొడితే, "ఈ క్లినిక్ మా నమోదులో లేదు" అని వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. ముందు గదంతా జనం. ఒక పిల్లాడు ఏడుస్తున్నాడు, ఫోన్ మోగుతోంది, లోపలినుంచి మీ తమ్ముడు "తరవాత ఎవరు?" అని పిలుస్తున్నారు.

"మాస్టారూ, మీ కార్డు చెల్లదంటోంది" అన్నాను. ఆయనకు వినపడలేదు, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని "ఆఁ?" అన్నారు. అప్పుడు అరిచాను వదినా. "మీ కార్డు ఇక్కడ చెల్లదు! డబ్బు మొత్తం మీరే కట్టాలి, పోయిన నెలది కూడా!" అని. గదిలో పిల్లాడి ఏడుపు కూడా ఆగింది. అందరూ ఆయన వైపే చూశారు.

 మాస్టారు చొక్కా జేబులో ఉన్నదంతా తీసి బల్లమీద పెట్టారు. కట్టు ఉన్న కాలికి చెప్పు ఎక్కక, గోడ పట్టుకుని ఎంతసేపో తంటాలు పడ్డారు. లేచి సాయం చేద్దామనుకున్నాను, లేవలేదు. కట్టు మార్పించుకోకుండానే వెళ్లిపోయారు. ఈ మంగళవారమూ రాలేదు.

మీ తమ్ముడికి ఇంకా చెప్పలేదు. "మాస్టారు రాలేదేం?" అంటే, "ఊరెళ్లారేమో" అన్నాను. నమోదు ఎక్కడ చెడిందో నాకు తెలియడం లేదు. మీరు అంతా చేసి అప్పగించారు, కాబట్టి నేనే ఏదో నొక్కకూడనిది నొక్కి ఉంటాను.

మీ మరదలు

మే 20

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి నాకు తల కొట్టేసినట్టయింది.

కంప్యూటర్లో ఏం చెడిందో నాకు తెలియదు, నేను వచ్చేటప్పటికి అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కంపెనీకి ఫోన్ చేసి కనుక్కో, అది పెద్ద విషయం కాదు. కానీ మాస్టారి మీద నోరు పారేసుకున్నావు చూడు, అది పెద్ద విషయం. నేను ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లూ డబ్బు మాట ఒక్కసారైనా పైకి అనలేదు. నువ్వు సరుకులు రాసుకుంటున్నావే, ఆ చీటీలు అందుకే. ఎవరైనా ఏమైనా కట్టాల్సి ఉంటే చీటీ మీద రాసి, మడిచి, కార్డు కింద పెట్టి జరిపేదాన్ని. వాళ్లు చూసుకుని జేబులో పెట్టుకునేవాళ్లు. ఉన్నవాళ్లు ఇచ్చేవాళ్లు, లేనివాళ్లు "వచ్చే వారం" అని కళ్లతోనే చెప్పేవాళ్లు. పక్క కుర్చీలో ఉన్న మనిషికి కూడా తెలిసేది కాదు.

మాట తూలే ముందు అవతల ఎవరున్నారో చూసుకోవాలి. ఎదుటి మనిషి చెప్పేది వినాలి. నోరుంది కదా అని వాడేస్తే ఎలా? వెంటనే మాస్టారింటికి వెళ్లు. తమ్ముడికి చెప్పు.

కోపంగా రాస్తున్నాననుకోకు. కోపంగానే రాస్తున్నాను.

ఇక్కడ అంతా మామూలే. ఆ దొంగలు మళ్లీ ఫోన్ చేయలేదు. నా దెబ్బకి జడిసి ఉంటారు.

వదిన

జూన్ 5

వదినగారికి,

మీరు రాసిన ప్రతి మాటా నిజమే. కాగితం మడిచి మళ్లీ మళ్లీ విప్పి చదువుకున్నాను. మర్నాడే మాస్టారింటికి వెళ్లాను. తాళం వేసి ఉంది. ఆయన పెద్దాసుపత్రిలో ఉన్నారని పక్కింటివాళ్లు చెప్పారు.

కట్టు మార్చకుండా వదిలేసిన పుండు కదా. కాలి వేలు ఒకటి నల్లబడితే తీసేశారు. అక్కడి డాక్టరు మీ తమ్ముడికి ఫోన్ చేసి, "ఇన్నాళ్లూ దీన్ని ఎవరూ చూడలేదా?" అని అడిగాడట. అప్పుడు ఆయనకి అంతా చెప్పాల్సి వచ్చింది. తిట్టలేదు. తిడితే బావుండేది. ఆ రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు.

బీమా కంపెనీ సంగతి కూడా తేలింది. పాట వింటూ ఫోన్ పట్టుకుని కూర్చోగా కూర్చోగా చివరికి ఒక మనిషి పలికాడు. డబ్బు ఖాతాలో వేసే ముందు, ఫారంలో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసి ఖాతా నంబరు చివరి అంకెలు సరిచూసుకుంటారట. మన క్లినిక్ కోసం ఏప్రిల్‌లో రెండుసార్లు చేశారట. "ఫోన్ ఎత్తిన మహిళ వివరాలివ్వలేదు, దూషించారు, అందుకే నమోదు రద్దు చేశాం" అన్నాడు. ఏమన్నారని అడిగితే, వాళ్ల రికార్డులో ఉన్నది చదివి వినిపించాడు: "సిగ్గు లేదురా నీకు, చెమటోడ్చి బతకరాదూ".

పక్కనే ఉండి విన్న మీ తమ్ముడు నా వంక చూశారు. "మాస్టారిని అన్నదానివి, వాళ్లనీ అనే ఉంటావు" అన్నారు. నేనేం చెప్పను? ఆ రోజుల్లో ఎన్ని ఫోన్లు వచ్చాయో, ఏ చిరాకులో ఏమన్నానో, అనే ఉంటాను. క్షమించమని కంపెనీకి రాసి పంపాను. మళ్లీ మొదటినుంచీ దరఖాస్తు పెట్టాలట. ఈలోగా ఆ కార్డున్న పేషెంట్లంతా వేరే క్లినిక్‌లకు పోతున్నారు. ముందు గదిలో ఇప్పుడు ఖాళీ కుర్చీలే ఎక్కువ.

కాళ్ల కింద పత్రికల కట్ట తీసేశాను. కాళ్లు వేలాడితే వేలాడనీ.

మీ మరదలు

జూన్ 19

వదినగారికి,

మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. కోపం తగ్గలేదని తెలుస్తూనే ఉంది. తగ్గాలని అడిగే మొహం నాకు లేదు. ఒంట్లో బాగుందని మాత్రం ఒక్క ముక్క రాయండి.

మీ మరదలు

జూన్ 27

అమ్మాయ్,

కోపమా? ఎవరి మీద?

నీ ఉత్తరం వచ్చిన రోజు భోజనాల బల్ల దగ్గర కూర్చుని చదువుతున్నాను. ఆ కంపెనీ మనిషి చదివి వినిపించిన మాటలు దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాను, తప్పు చదివానేమోనని. అవి నా మాటలమ్మా. అక్షరం పొల్లు పోకుండా నావే. నేను దొంగ అనుకుని తిట్టినవాడు బీమా కంపెనీ ఉద్యోగి. వాడు నోరు తెరవబోతే మూయించాను. ఏడుపు గొంతుతో ఫోన్ పెట్టేసిన ఆ పిల్ల మన క్లినిక్ పని మీదే చేసింది. ఏళ్ల తరబడి క్లినిక్ పనులన్నిటికీ నా నంబరే ఇస్తూ వచ్చాను. ఫారంలోనూ చెయ్యి అలవాటుగా అదే రాసేసింది. నేను రైలెక్కి ఇటొచ్చేశాను, నంబరూ నాతోనే వచ్చేసింది. నీకు అప్పగించింది ఒట్టి కుర్చీ.

అది చేసింది చాలక, నీకు బుద్ధులు చెప్పాను. "ఎదుటి మనిషి చెప్పేది వినాలి" అని రాశాను నీకు! ఆ ఉత్తరంలో ఇంకా ఏమేం రాశానో తలుచుకుంటే తలెత్తుకోలేకపోతున్నాను. పైగా అందులోనే ఆ దొంగలు జడిసిపోయారని మురిసిపోయాను కూడా. ఇన్నాళ్లూ ఉత్తరం రాయకపోవడానికి కారణం సిగ్గు. రెండు రాసి చింపేశాను. ఒకదాంట్లో మా అమ్మాయి అంటించిన కాగితం మీదకి తప్పు నెట్టాను. చదువుకుంటే అసహ్యం వేసింది.

కంపెనీకి నేనే ఫోన్ చేశాను. అడగ్గా అడగ్గా ఆ పిల్లనే కలిపారు. తప్పయిందమ్మా అన్నాను. "పరవాలేదండీ, రోజూ ఎవరో ఒకరు తిడుతూనే ఉంటారు, అలవాటే" అని నవ్వింది. ఆ నవ్వు విన్నాక గోడకి తల కొట్టుకోవాలనిపించింది. కొత్త దరఖాస్తులో నీ నంబరు రాయి, తనే చేస్తానంది.

తమ్ముడికి విడిగా రాశాను, ఏదీ దాచలేదు. దీనితో పాటు మాస్టారికి ఇంకో కాగితం పెడుతున్నాను. ఆయన్ని నలుగురిలో నొప్పించాం కాబట్టి క్షమాపణ కూడా నలుగురిలోనే చెప్పాలి. ఆయన ఎక్కడుంటే అక్కడికి వెళ్లి, జనం ఉన్న వేళ చూసి, పైకి చదివి వినిపించు. నా పేరు పెట్టి మరీ చదువు. నేను వచ్చి చెప్పాల్సింది. రాలేకపోతున్నాను. టికెట్ దొరక్క కాదు.

మీ వదిన

జూలై 16

వదినా,

ఈసారి 'గారు' పెట్టలేదు, గమనించారా? దగ్గరితనం కొద్దీ పోయింది, కోపం కొద్దీ కాదు.

ముందు మంచి మాట. నిన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది. చివరి నాలుగంకెలు అడిగింది, చెప్పాను. ఇంత చిన్న పని! నమోదు అయిపోయింది, కార్డులు మళ్లీ పని చేస్తున్నాయి.

మీ తమ్ముడు మీ ఉత్తరం చదివారు. తరవాత వచ్చి, "నువ్వు కాదని గట్టిగా చెప్పొచ్చుగా" అన్నారు. దానికి జవాబు ఆయనకి చెప్పలేదు, మీకు చెబుతాను. కంపెనీ మనిషి ఆ మాటలు చదవగానే నాకు తెలిసింది. మీ ఏప్రిల్ ఉత్తరం సొరుగులోనే ఉంది. తీసి ఆయన ముందు పెడితే ఆ క్షణమే బయటపడేదాన్ని. పెట్టలేదు. దాన్ని మంచితనం అనుకోకండి. మాస్టారి మీద అరిచింది మాత్రం నా నోరే. దానికి మీ తమ్ముడు నన్నొక మాట అనలేదు. చేయనిదానికి తప్పు పడుతుంటే, పోనీ దాని బదులు ఇది అని ఊరుకున్నాను. "అనే ఉంటాను" అని మీకు రాశాను చూడండి, అది అబద్ధం. ఉత్తరంలో నాకు చెయ్యి రాదన్నారు కదా, బాగానే వచ్చింది. మీకు తెలియాలనీ ఉండేది, తెలియకూడదనీ ఉండేది. అందుకే ఆ మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాశాను.

ఇక మాస్టారు. మళ్లీ కొట్టు తెరిచారు. మీ కాగితం పట్టుకుని, మీరన్నట్టే జనం ఉన్న వేళ చూసుకుని వెళ్లాను. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు బల్లమీద వరసగా కూర్చుని ఉన్నారు. ఆయన మిషన్ ముందున్నారు. తొక్కేది ఇప్పుడు ఒక్క కాలితోనే. రెండోది చిన్న పీట మీద పెట్టుకున్నారు. అది చూడకూడదనుకుంటూనే చూశాను.

"పెద్దమ్మగారు రాశారు మాస్టారూ, చదువుతాను" అని కాగితం విప్పాను. మొదటి మాట చదివానో లేదో మిషన్ ఆపేశారు. చెయ్యి అడ్డం పెట్టారు.

"చదవొద్దమ్మా" అన్నారు. "నలుగురిలో ఎలా ఉంటుందో నాకు తెలుసు."

 నాకు అక్కడే కన్నీళ్లు వచ్చేశాయి. కూర్చున్నవాళ్లు ఎందుకో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాస్టారు నా వైపు వంగి, "పెద్దమ్మగారుండగా చీటీ ఇచ్చేవారు" అన్నారు మెల్లగా. నా సంచీలో ఆ చీటీలే ఉన్నాయి, ఒకదాని మీద సరుకులు రాసి ఉన్నాయి. ఖాళీది తీసి, "తప్పు మాది" అని రాసి, 'మా' కొట్టేసి 'నా' అని రాసి, మడిచి, ఆయన సుద్దముక్క కింద పెట్టి జరిపాను. చూసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. మీ కాగితం కూడా మడిచి అదే జేబులో పెట్టుకున్నారు. మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టి, "మంగళవారం ఎన్నింటికి రమ్మంటావు?" అన్నారు.

ముందు గదిలో జనం లేని వేళ చెప్పాను. ఆయన అక్కర్లేదన్నారు, మామూలు వేళకే వస్తారట.

మీ మరదలు

జూలై 28

నా తల్లీ,

నీ ఉత్తరం చదివాను. 'మా' కొట్టేసి 'నా' అని రాశానన్నావు. ఆ కొట్టేసిన దాంట్లో ఉన్నది నేను, గుర్తుంచుకో. ఆయనకి పోయిన వేలు నువ్వు తెచ్చివ్వలేవు, నేనూ తేలేను. వచ్చే నెల వస్తున్నాను. మాస్టారి ఎదుట నిలబడాలి. ఏం అనాలో తెలియదు, నిలబడతాను అంతే.

ఏప్రిల్‌లో నేను రాసిన ఉత్తరం చింపకు. సొరుగులోనే ఉంచు. ఇంకోసారి ఎప్పుడైనా నేను నీకు బుద్ధులు చెబితే, జవాబు రాయకుండా అది కవర్లో పెట్టి నాకు పంపించు.

నిన్న మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి నిజంగా దొంగే. లాటరీలో పెద్ద మొత్తం తగిలిందట, ఖాతా నంబరు చెప్పమన్నాడు. అల్లుడు పక్కనే ఉన్నాడు, "కానీండి అత్తయ్యా, కడిగెయ్యండి" అని సరదాగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాకు నోరు రాలేదమ్మా. "బాబూ, నేను లాటరీ కొనలేదు, అది ఇంకెవరిదో అయి ఉంటుంది, సరిగ్గా చూసుకో" అన్నాను.  వాడే ఫోన్ పెట్టేశాడు.

మీ వదిన